వేడెక్కితే దిగిపోయే లిఫ్ట్: ఒక పాత మాసీ 1035 కేసు

మా షెడ్డు బెంగళూరు దాటాక హోస్కోటె అవతల, కోలారు దారికి కాస్త లోపలగా ఉంటుంది. పాత ట్రాక్టర్లు విప్పి బాగుచేయడమే మా పని. ఈ కేసు రాయడానికి ఒక కారణం ఉంది. వెనక కల్టివేటర్ (దున్నే పరికరం) ఎత్తే లిఫ్ట్ వేడెక్కాక నిలవడం లేదన్న ఒకే కంప్లయింటు మీద ఆ ట్రాక్టరు మా షెడ్డుకి మూడుసార్లు వచ్చింది. మార్చిన ప్రతి పార్టూ నిజంగానే పాడైపోయి ఉంది, పాడవని పార్టు మేం ఒక్కటీ మార్చలేదు. అయినా జబ్బు తిరిగి వచ్చింది. అది ఎలా జరిగిందో మా షెడ్డులో నేర్చుకునే కుర్రాళ్లకి చాలాసార్లు నోటితో చెప్పాను, ఈసారి వివరంగా రాసి పెడుతున్నాను. యజమానిని గుర్తుపట్టే వివరాలు తీసేశాను, ఒకటి రెండు మార్చాను.

బండి కొనకముందు

యజమాని వైట్‌ఫీల్డ్ వైపు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. సొంతూరు చిత్తూరు జిల్లాలో. కోలారు జిల్లాలో నాలుగెకరాలు కొన్నారు. అందులో సగం మామిడి చెట్లు, మిగతాది రాగి వేసే నేల. డెబ్బై దాటిన నాన్నగారు వాళ్లతోనే ఉంటారు. ఆయనకి 1990లలో ఒక మాసీ 1035 ఉండేది, కరువు ఏళ్లలో అమ్మేసుకున్నారు. కొడుకు అదే మోడల్ కోసం వెతికి, ఆంధ్రా నంబరు ఉన్న బండి ఒకటి బ్రోకరు దగ్గర చూసి 20,000 అడ్వాన్స్ ఇచ్చేశాక నాకు ఫోన్ చేశారు.

పాత బండి కొంటామని ఎవరొచ్చినా నేను ముందు అడిగేది ఒకటే: దీంతో ఏడాదికి ఎన్ని గంటల పని ఉంది? నాలుగెకరాలకి రెండు మూడు దుక్కులు, మామిడి సాళ్ల మధ్య కల్టివేటర్, ఎప్పుడైనా ట్రాలీ. వంద గంటలు కూడా కాదు. ఆ చుట్టుపక్కల గంటకి వెయ్యి పైచిలుకు ఇస్తే ట్రాక్టరు మనిషితో సహా వచ్చి దున్నిపోతుంది. లెక్క ప్రకారం అద్దె బండే చవక. ఆ మాట దాచకుండా చెప్పాను. ఆయన, "లెక్క నాకూ తెలుసన్నా. నాయనకి ఇంటి ముందర బండి ఉండాల," అన్నారు. దాంతో నాకు పని ఏమిటో తెలిసింది. ఇది ప్రదర్శనకి పెట్టే బండి కాదు, డబ్బు సంపాదించే బండీ కాదు. డెబ్బై ఏళ్ల మనిషి భయం లేకుండా ఎక్కి నడపగలిగే బండి కావాలి. తర్వాత ఏ ఖర్చు అవసరం, ఏది అనవసరం అన్న సందేహం వచ్చిన ప్రతిసారీ నేను ఈ మాట దగ్గరికే వెనక్కి వచ్చాను.

మోడల్ విషయంలో నాకు అభ్యంతరం లేదు. ట్రాక్టర్ల కంపెనీ టాఫే 1960లో చెన్నైలో మొదలైంది, మాసీ ఫెర్గూసన్ డిజైన్లు మన దేశంలో వాళ్లు చేసినవే. ఇంజన్ మూడు సిలిండర్ల సింప్సన్, అదీ చెన్నైదే. దక్షిణాదిలో ఈ బండి తిరగని ఊరు ఉండదు కాబట్టి బెంగళూరు జె.సి. రోడ్డులోనే కాదు, కోలారులోనూ చింతామణిలోనూ సామాను దొరుకుతుంది. పాత బండి కొనేటప్పుడు హార్స్ పవర్ కంటే ఇది ముఖ్యం. సామాను దొరకని బండి ఎంత చవకగా వచ్చినా, మొదటి రిపేరు రాగానే షెడ్డు మూలన నిలబడిపోతుంది.

చూడటానికి వెళ్లేసరికి బండి ఎర్రగా మెరుస్తోంది. కొత్త పెయింటు చూస్తే నాకు ముందు అనుమానమే వస్తుంది. రబ్బరు గొట్టాల మీద పెయింటు, వైర్ల మీద పెయింటు. ఫ్రంట్ యాక్సిల్ గ్రీజు నిపుల్స్ మీద కూడా పెయింటు, అదీ ఎక్కడా పగల్లేదు. అంటే రంగు వేశాక ఒక్కసారి కూడా గ్రీజు గన్ను పెట్టలేదు. ఇంజన్ మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. మేం వచ్చే ముందే స్టార్ట్ చేసి పెట్టారు. వేడి ఇంజన్ ఎవరికైనా సెల్ఫ్ కొట్టగానే అందుకుంటుంది. "రేపు పొద్దున ఆరింటికి వస్తాం, అంతవరకు ముట్టుకోవద్దు," అని చెప్పి వచ్చేశాం. మర్నాడు చల్ల ఇంజన్ అందుకోవడానికి చాలాసేపు సెల్ఫ్ తిప్పాల్సి వచ్చింది, తెల్లపొగ వదిలింది. ఆ ఒక్క పొద్దుతో బేరం ముప్పై వేలు దిగింది.

కాగితాల్లో రెండు చిక్కులు. ఛాసిస్ నంబరు సరిపోయింది గానీ ఇంజన్ నంబరు ఆర్‌సీతో కలవలేదు. ఎప్పుడో ఇంజన్ మార్చారు, ఆర్టీఓ దగ్గర ఎక్కించలేదు. రెండోది, ఆర్‌సీలో బ్యాంకు లోను ఇంకా అలాగే ఉంది. లోను ఎప్పుడో తీరిపోయిందని బ్రోకరు చెప్పాడు, బహుశా నిజమే. కానీ బ్యాంకు ఎన్‌ఓసీ, ఆర్‌సీలో లోను కొట్టేయించే ఫారం 35 చేతికి రాకుండా ఆ మాటకి విలువ లేదు. వేరే రాష్ట్రం బండి కాబట్టి పాత ఆర్టీఓ నుంచి ఫారం 28 ఎన్‌ఓసీ కూడా కావాలి. 12 నెలలు దాటి ఇక్కడే ఉంచుకుంటే కర్ణాటక నంబరు తీసుకోవాల్సిందే. ఇవన్నీ అయ్యాకే మిగతా డబ్బు ఇద్దామని పట్టుబట్టాను. ఏడు వారాలు పట్టింది. యజమానికి టెన్షన్ వచ్చింది, "బండి ఇంకెవరికైనా పోతుందేమో అన్నా," అన్నారు. పోతే పోనీ అన్నాను. చివరికి 1,72,000కి తెగింది.

ఆ పొద్దున లిఫ్ట్ కూడా చూశాను. కల్టివేటర్ తగిలించి పైకెత్తి, ఐదు నిమిషాలు చూశాను. కదల్లేదు. బాగుందని రాసుకున్నాను. తర్వాత పడ్డ కష్టమంతా ఆ ఐదు నిమిషాల పరీక్షతో మొదలైంది.

బండి పొలానికి చేరాక వచ్చిన కంప్లయింట్లు

పొద్దున స్టార్టింగ్ కష్టం. స్టీరింగ్‌లో ఆట ఎక్కువ. అసలు బాధ మూడోది: కల్టివేటర్ మొదటి అరగంట మామూలుగా లేస్తుంది, నిలబడుతుంది. తర్వాత చేను చివర తిప్పుకునేటప్పుడు పైకెత్తితే నిలవదు. కాస్త దిగుతుంది, మళ్లీ లేస్తుంది, మళ్లీ దిగుతుంది. మా వాళ్లు దీన్ని తల ఊపడం అంటారు.

మా దగ్గరికి తెచ్చేలోపే ఊళ్లో ఒక మెకానిక్ కొత్త హైడ్రాలిక్ పంపు వేశాడు. పదకొండు వేలు. రెండు రోజులు బాగుంది, మూడో రోజు మళ్లీ మొదలు.

ఇంజన్ సంగతి ముందు చెప్పేస్తాను, అది చిన్నది. స్టార్టింగ్ కష్టం, తెల్లపొగ కలిస్తే చాలామంది నేరుగా "బోరు చేయించాలి, లైనర్లు మార్చాలి" అంటారు. అంటే ఇంజన్ మొత్తం విప్పడం, అరవై డెబ్బై వేల పని. నేను హెడ్ దించలేదు. కారణం ఉంది: ఒకసారి అందుకున్నాక ఇంజన్ లోడు మీద బాగా లాగుతోంది, ఆయిల్ మూత తీస్తే వచ్చే పొగ కొంచెమే. రింగులు పోయిన ఇంజన్ అలా ఉండదు. డీజిల్ లైనులో గాలి దూరుతోందేమో చూద్దామనుకున్నాను. రాత్రి బండి ఆపాక డీజిల్ పంపు దగ్గర బ్లీడ్ స్క్రూ వదులు చేసి, ఫీడ్ పంపు చేతి మీట కొట్టి గాలి తీసేశాం. పొద్దున స్టార్ట్ చేసేముందు మళ్లీ వదులు చేస్తే నురగ వచ్చింది. రాత్రికి రాత్రి లైన్లో గాలి చేరుతోంది. ఫిల్టరు దగ్గర రాగి వాషర్లు పాతవే మళ్లీ మళ్లీ బిగించి ఉన్నాయి. వాషర్లు, ఫీడ్ పంపు డయాఫ్రం మార్చాం. ఇంజెక్టర్లు మూడూ టెస్టుకి పంపితే ఒక నాజిల్ స్ప్రే కాకుండా చుక్కలు కారుస్తోంది, దాన్ని మార్చాం. 1950ల నుంచి ఆడుగోడి మైకో ఫ్యాక్టరీలో డీజిల్ పంపులు, నాజిళ్లు తయారైన ఊరు బెంగళూరు. అందుకే ఈ పనికి ఇక్కడ మంచి చేతులున్నాయి. ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనర్ అడుగున వేలెడు బురద ఉంటే కడిగాం. మొత్తం నాలుగు వేల లోపు. ఇంజన్ ఈ రోజుకీ విప్పలేదు.

లిఫ్ట్: మొదటిసారి

ఈ లిఫ్ట్ ఎలా పనిచేస్తుందో కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాతి తప్పు అర్థం కాదు.

ఈ బండి కుటుంబానికి మూలం 1950లలో ఇంగ్లండులో వచ్చిన ఫెర్గూసన్ 35. పరికరాన్ని వెనక మూడు చోట్ల తగిలించే హ్యారీ ఫెర్గూసన్ మూడు లింకుల పద్ధతి, దున్నేటప్పుడు నేల లాగుడుని బట్టి లోతు తనంతట తానే సర్దుకునే డ్రాఫ్ట్ కంట్రోల్, రెండూ ఇందులో ఉన్నాయి. హైడ్రాలిక్ పంపు బయట ఉండదు. సీటు కింద హౌసింగ్ లోపల, గేరు ఆయిల్‌లో మునిగి ఉంటుంది, పిటిఓ షాఫ్టే (వెనక పరికరాలకి ఇంజన్ శక్తి అందించే ఇరుసు) దాన్ని తిప్పుతుంది. డబుల్ క్లచ్ బండిలో క్లచ్ పెడల్ సగం తొక్కితే బండి ఆగుతుంది, పూర్తిగా తొక్కితే పిటిఓతో పాటు లిఫ్ట్ పంపు కూడా ఆగిపోయేది అందుకే. పంపు నుంచి ఒక నిలువు గొట్టం పైకి వెళ్లి, లిఫ్ట్ కవరుకి అడుగున బిగించిన సిలిండర్‌కి ఆయిల్ ఇస్తుంది. సిలిండర్‌లో పిస్టన్ కదిలి లిఫ్ట్ చేతుల్ని, అంటే పరికరాన్ని మోసే కడ్డీల్ని ఎత్తుతుంది. గేర్లకి, డిఫరెన్షియల్‌కి, హైడ్రాలిక్‌కి అన్నిటికీ ఒకటే ఆయిల్. ఈ ఆఖరి మాట గుర్తుంచుకోండి.

ఇప్పుడు తల ఊపడం ఎందుకొస్తుంది? ఎత్తిన బరువు నిలబడాలంటే సిలిండర్‌లో బంధించిన ఆయిల్ ఎటూ పోకూడదు. ఎక్కడో కారితే చేతులు కాస్త దిగుతాయి. దిగినట్టు కంట్రోల్ వాల్వ్‌కి తెలిసి పంపు మళ్లీ నింపుతుంది, చేతులు లేస్తాయి. మళ్లీ కారుతుంది, మళ్లీ దిగుతాయి. పంపు బలహీనమైతే లిఫ్ట్ నెమ్మదిగా లేస్తుంది, లేదా అసలు లేవదు. అంతేగానీ తల ఊపదు. ఈ బండి మాత్రం జబ్బు చేసినప్పుడు కూడా చకచకా లేస్తోంది. అంటే నింపే శక్తికి లోటు లేదు, నింపింది నిలవడం లేదు. ఊళ్లో మెకానిక్ పంపు మార్చే ముందు ఈ తేడా చూసి ఉండాల్సింది. అయితే ఆయన తీసేసిన పాత పంపు తెప్పించి విప్పాను. పిస్టన్ల మీద గీతలు నిజంగానే ఉన్నాయి. ఆయన అబద్ధం ఆడలేదు, పాడైన పార్టే మార్చాడు.

ఆయిల్ కారే చోట్లు మూడు: నిలువు గొట్టం ఓ-రింగులు (ఆయిల్ కారకుండా వేసే రబ్బరు వలయాలు), సిలిండర్‌లో పిస్టన్ పక్కల, కంట్రోల్ వాల్వ్‌తో కలిపి పంపులోని వాల్వులు. పంపు కొత్తది కాబట్టి మూడోదాన్ని పక్కన పెట్టాను. మిగిలిన రెండింట్లో ఓ-రింగుల ఖర్చు తక్కువ, పైగా పంపు వేసినప్పుడు పాతవే పెట్టి ఉంటారని అనుమానం. లిఫ్ట్ కవర్ చైన్ పుల్లీతో ఎత్తాం. ఓ-రింగులు బిళ్లల్లా చదునై గట్టిపడి ఉన్నాయి. దొరికింది అనుకున్నాను. మార్చి, కవర్ దించి, కల్టివేటర్ ఎత్తి పదిహేను నిమిషాలు చూశాం. రాయిలా నిలబడింది. పంపేశాం.

కవర్ పైకి లేచి ఉన్నప్పుడే సిలిండర్ విప్పి చూసి ఉండాలి. చూడలేదు. ఒక పాడైన వస్తువు దొరకగానే వెతకడం ఆపేశాను.

రెండోసారి: వేడి మీద చూడటం

పన్నెండు రోజులకి ఫోన్. "అన్నా, అదే మళ్లీ. నలభై నిమిషాలు దున్నినాక మొదలైంది."

ఆ నలభై నిమిషాల మాట వినగానే షెడ్డులో మేం చేసే పరీక్షే తప్పని తట్టింది. చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ చిక్కగా ఉంటుంది, సన్నని గీతల్లోంచి పోదు. పని చేసి వేడెక్కాక పలచబడి అదే గీతల్లోంచి కారిపోతుంది. బండి కొనేముందు నేను చేసిన ఐదు నిమిషాల పరీక్ష, ఓ-రింగుల తర్వాత చేసిన పదిహేను నిమిషాల పరీక్ష, రెండూ చల్ల ఆయిల్‌తోనే. ఆ రెండుసార్లూ బండి బాగుందని కాదు, ఆయిల్ చిక్కగా ఉందని మాత్రమే తెలిసింది.

ఈసారి ట్రాలీకి ఇసుక మూటలు వేసి ముప్పావుగంట రోడ్డు మీద తిప్పించాను. తర్వాత కల్టివేటర్ తగిలించి పైన రెండు ఇసుక మూటలు కట్టాం. హౌసింగ్ కుడిపక్క తనిఖీ మూత ఉంటుంది. ఆయిల్ కొంత దించి ఆ మూత తీశాం. లిఫ్ట్ పైకెత్తి, ఇంజన్ ఆపి, టార్చి వేసి చూశాం. ఇది చేసేవాళ్లకి రెండు జాగ్రత్తలు: ఎత్తిన కల్టివేటర్ కింద గానీ వెనక గానీ మనిషి ఉండకూడదు, ఎందుకంటే అది దిగాలనే మనం చూస్తున్నాం. మూత తెరిచి ఉండగా ఇంజన్ నడిపితే లోపల షాఫ్టు తిరుగుతుంటుంది, చెయ్యి దగ్గరికి పోనివ్వకూడదు.

రెండు నిమిషాల్లో కనిపించింది. పంపు దగ్గర ఎక్కడా కారడం లేదు. నిలువు గొట్టం దగ్గర చుక్క లేదు. పైన సిలిండర్ తెరిచి ఉన్న కొసలోంచి, పిస్టన్ పక్కగా ఆయిల్ ధారగా కారుతోంది. కల్టివేటర్ కళ్లముందే దిగిపోయింది.

కవర్ మళ్లీ ఎత్తాం. సిలిండర్ గోడకి కింది వైపున గీతలు, వాటితో పాటు చీమ తలంత తుప్పు గుంటలు. పిస్టన్ రింగు అంచులు ఆ గుంటల మీద రాసుకుని అరిగిపోయాయి. హోనింగ్ చేసి, అంటే లోపలి గోడ రుద్ది నునుపు చేసి సరిపెట్టవచ్చా అని యజమాని అడిగారు. గుంట లోతు పోయేదాకా రుద్దితే సైజు పెరిగిపోతుంది, రింగు వదులవుతుంది. వద్దన్నాను. సిలిండర్, పిస్టన్ కొత్త సెట్టు వేశాం, ఆయిల్ మొత్తం మార్చాం. మళ్లీ ముప్పావుగంట వేడి చేసి పది నిమిషాలు కొలిచాం. ఒక సెంటీమీటరు కూడా దిగలేదు. అది జూన్ నెల.

ఇక్కడ నా అసలు తప్పు ఉంది. లోపల ఎప్పుడూ ఆయిల్ ఉండే సిలిండర్‌కి తుప్పు ఎలా పట్టింది? ఆ ప్రశ్న అప్పుడే అడగాలి. దించిన ఆయిల్ కూడా కాస్త మసకగా ఉంది. బ్రోకరు దగ్గర ఏళ్ల తరబడి ఆరుబయట నిలబడి ఉంటుంది, పాత తుప్పే అని నాకు నేనే సమాధానం చెప్పుకున్నాను. ఆ రోజు పెద్దాయన షెడ్డులో కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నారు. "మేం వానలప్పుడు గేర్ రాడ్డు కాడ గోనెపట్టా కప్పేవాళ్లం నాయనా," అన్నారు. పాత రోజులు గుర్తు చేసుకుంటున్నారు అనుకుని "అవునా పెద్దాయనా" అని నా పనిలో పడ్డాను.

మూడోసారి: అక్టోబరు

బెంగళూరు, కోలారు వైపు సెప్టెంబరు, అక్టోబరులే గట్టి వానలు. అక్టోబరు రెండో వారంలో మళ్లీ ఫోన్. ఈసారి తల ఊపడం కొద్దిగానే, కానీ లిఫ్ట్ మీట వేస్తే అందుకోవడం ఆలస్యమవుతోంది. డిప్‌స్టిక్ ఫొటో తీసి పంపమన్నాను. ఆయిల్ మజ్జిగలా ఉంది.

షెడ్డుకి రాగానే మొదట ఏ పార్టూ విప్పలేదు. రాత్రంతా బండిని కదల్చకుండా ఉంచి, పొద్దున డ్రెయిన్ ప్లగ్గు నెమ్మదిగా వదులు చేశాం. నీళ్లు బరువు, అడుగున దిగుతాయి. ముందు నీళ్లే వచ్చాయి. సీసాల్లో పట్టి కొలిస్తే లీటరున్నర. ఈ కొలత చాలా ముఖ్యమైంది. పగటి వేడికి, రాత్రి చలికి హౌసింగ్ లోపల చెమ్మ పట్టడం మామూలే గానీ నాలుగు నెలల్లో అది లీటరున్నర కాదు. నీళ్లు పైనుంచి పడుతున్నాయి, అదీ ధారగా.

అప్పుడు పెద్దాయన మాట గుర్తొచ్చింది. ఆయనకి ఫోన్ ఇవ్వమని అడిగాను. "ఆ గోనెపట్టా ఎందుకు కప్పేవాళ్లు పెద్దాయనా?"

"ఎందుకేంది నాయనా, రబ్బరు చినిగిపోతే గేర్ రాడ్డెంబడి నీళ్లు లోపలికి దిగుతాయి. లిఫ్టు పాడైపోతాది. మా బండికి ఒకతూరి అట్లే అయింది."

ఈ బండికి గేర్ రాడ్డు మీద రబ్బరు బూటు ఉంది, పైకి కొత్తగా, నల్లగా మెరుస్తోంది. అందుకే ఇన్నిసార్లు చూసినా ఎవరికీ అనుమానం రాలేదు. పెద్దాయన మాట మీదే నమ్మకంగా విప్పకుండా, పరీక్షించి చూద్దామనుకున్నాం. టాప్ కవర్ తుడిచి ఆరబెట్టి, గేర్ రాడ్డు చుట్టూ, పక్కన హై-లో రాడ్డు (వేగం ఎక్కువ, తక్కువ మార్చే రెండో రాడ్డు) చుట్టూ, డిప్‌స్టిక్ దగ్గర సుద్దపొడి చల్లాం. చెంబుతో నెమ్మదిగా నీళ్లు పోశాం. డిప్‌స్టిక్ దగ్గర సుద్ద ముద్దగా మారి అక్కడే నిలిచింది. రాడ్ల దగ్గర తెల్లనీళ్లు గిర్రున లోపలికి జారిపోయాయి. మెయిన్ గేర్ బూటు వేరే మోడల్‌ది, సైజు పెద్దది, కింది అంచు గాడిలో కూర్చోలేదు. హై-లో రాడ్డుకైతే బూటే లేదు, దాని చోట మ్యాట్ ముక్క ఒకటి కప్పి పెయింటు కొట్టారు.

దీనికి తోడు ఇంకోటి తెలిసింది. యజమాని వానాకాలంలో రెండుసార్లు బండిని సర్వీస్ స్టేషన్‌కి తీసుకెళ్లి ప్రెషర్ వాషింగ్ చేయించారు. కారుని చూసుకున్నట్టే బండినీ ప్రేమగా చూసుకున్నారు, అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కానీ ఆ ప్రెషర్‌కి సరైన బూటు ఉన్నా అంచుల్లోంచి నీళ్లు దూరగలవు.

ఇప్పుడు మొదటి నుంచీ ఉన్న ముక్కలన్నీ ఒకదానికొకటి అతికాయి. పాత పంపు పిస్టన్ల మీద గీతలు, సిలిండర్ తుప్పు గుంటలు, జూన్‌లో మసక ఆయిల్, అన్నీ ఆ నీళ్ల పనే. పంపు గేరు ఆయిల్‌లో మునిగి ఉంటుందని మొదట్లో చెప్పానే, అందుకే గేర్ రాడ్డు దగ్గర పడిన వాన లిఫ్ట్‌ని తింది.

రెండు బూట్లు సరైన సైజువి జె.సి. రోడ్డులో దొరికాయి. రెండింటికీ కలిపి మూడొందలు కూడా కాలేదు.

కడగడం మీద షెడ్డులో చర్చ జరిగింది. మా కుర్రాడు డీజిల్ పోసి కాసేపు నడిపి దించేద్దాం అన్నాడు. చాలాచోట్ల అలాగే చేస్తారు. నేను ఒప్పుకోలేదు. ఈ పంపుకి నూనె జిడ్డే రక్షణ, డీజిల్‌తో లిఫ్ట్ ప్రెషర్ మీద నడిపితే కొత్త పిస్టన్లు కూడా గీసుకుంటాయి. వేడి మీద ఆయిల్ పూర్తిగా దించి, చవక ఆయిల్ నింపి, బరువు లేకుండా అరగంట నడిపి, లిఫ్ట్ పదిసార్లు ఎత్తి దించి, మళ్లీ వేడి మీదే దించేశాం. ఇలా రెండుసార్లు. రెండోసారి దించింది సీసాలో ఒక రాత్రి ఉంచితే అడుగున నీటి చార లేదు. అప్పుడే మంచి ఆయిల్ పోశాం. ఆ మధ్యలో తనిఖీ మూత తీసి పిస్టన్ చుట్టూ చూశాం, వేడి మీద మళ్లీ బరువు పెట్టి కొలిచాం. నాలుగు నెలలే కాబట్టి కొత్త సిలిండర్ బతికింది. ఇంకో వానాకాలం గడిచి ఉంటే అదీ పోయేది.

ఈ కేసు తర్వాత మా షెడ్డులో మారినవి

లిఫ్ట్ కంప్లయింటు వస్తే బండి ముప్పావుగంట పని చేసి వేడెక్కకుండా పరీక్ష మొదలుపెట్టడం లేదు, బాగుచేశాక కూడా అంతే. దీనికి డీజిల్ ఖర్చవుతుంది, కస్టమర్ ముప్పావుగంట ఎదురుచూడాలి. ఆ విషయం ముందే చెప్పేస్తున్నాం.

పాడైన పార్టు చేతికి దొరికినప్పుడు మా కుర్రాళ్లు పలక మీద రెండు గడులు గీస్తారు: ఏది పాడైంది, ఎందుకు పాడైంది. రెండోది ఖాళీగా ఉన్నంతసేపు కవర్ బిగించకూడదు. ఓ-రింగులకి "వయసు" అని రాయొచ్చు, అది నిజమే. తుప్పుకి మాత్రం "వయసు" అని రాయకూడదు. తుప్పు పట్టిందంటే ఎక్కడినుంచో నీళ్లు వచ్చాయి.

పాత బండి కొనడానికి వచ్చేవాళ్లకి నేను చెప్పే జాబితాలో ఇప్పుడు గేర్ రాడ్ల బూట్లు పైకి చేరాయి. వేలితో అంచు ఎత్తి చూడాలి, గాడిలో కూర్చుందో లేదో. డ్రెయిన్ ప్లగ్గు కొంచెం వదులు చేసి మొదటి చుక్కలు చూడనివ్వమని అడగాలి. ఆ మాట అడగ్గానే అమ్మేవాళ్ల మొహం మారితే అదీ ఒక సమాచారమే.

ఇంకోటి, నాకు అన్నిటికంటే బరువుగా అనిపించేది. అదే మోడల్ బండిని నడిపిన మనిషి నా పక్కనే కూర్చుని జూన్‌లోనే జవాబు చెప్పారు. మెకానిక్‌గా నేను అడగాల్సింది ఒక్క "ఎందుకు". ఇప్పుడు పాత బండి ఏది వచ్చినా, ఆ ఇంట్లో ఇంతకుముందు ఆ మోడల్ నడిపినవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లని కూడా తీసుకురమ్మంటున్నాను. వాళ్లు ఏ చిన్న అలవాటు గురించి చెప్పినా, దాని వెనక ఏదో ఒక రిపేరు ఉంటుందని నమ్మి అడుగుతున్నాను.

డబ్బు లెక్క: పంపు 11,000, ఓ-రింగులు కూలీతో 3,500, సిలిండర్ సెట్టు కూలీ, ఆయిల్‌తో కలిపి 16,000 దగ్గర. మూడోసారి అయిన పనికి నేను కూలీ తీసుకోలేదు, ఆయిల్ డబ్బులు మాత్రం వాళ్లు ఇచ్చారు. మొదట్లోనే మూడొందల బూట్లు వేసుంటే మిగతా ఖర్చు అసలు లేదని చెప్పలేను. బండి కొనేనాటికే సిలిండర్ పోయింది. కానీ మొదటే సరైన కారణం వెతికి ఉంటే పంపు డబ్బు, ఒక ఆయిల్, రెండు దుక్కుల సీజన్లో పోయిన రోజులు కచ్చితంగా మిగిలేవి.

తర్వాతి ఏడాది అక్టోబరు చివర పొలం దగ్గరికి నేనే వెళ్లాను. బండి ఇప్పుడు రేకుల షెడ్డులో ఉంటోంది. తడిగుడ్డతో తుడుస్తున్నారు, ప్రెషర్ వాష్ మానేశారు. డ్రెయిన్ ప్లగ్గు వదులు చేసి గ్లాసెడు సీసాలో పట్టి, పెద్దాయన ఇచ్చిన కాఫీ తాగేంతసేపు వెలుగుకి పెట్టి చూశాం. తేనెరంగులో, తేటగా ఉంది. వేడి మీద పది నిమిషాల పరీక్షలో కొలవదగ్గ దిగుడు లేదు. రెండు బూట్లూ గాడిలోనే ఉన్నాయి. మెయిన్ రాడ్డు బూటు మీద ఆయన అయినా ఒక గోనెపట్టా ముక్క కట్టి ఉంచారు. నేను తీయమనలేదు.

స్టీరింగ్ ఆట ఇంకా మిగిలి ఉంది. సగం ఫ్రంట్ యాక్సిల్ బుష్షుల్లో, సగం స్టీరింగ్ బాక్సులో. రాగి కోతలయ్యాక బండి ఒక వారం మా షెడ్డుకి వస్తుంది.